అందరూ బాబాయిలే: విలియమ్స్ సిండ్రోమ్ ఉన్న ఒక పాప కేసు

చిట్టి మొదటిసారి నా గదిలోకి వచ్చేసరికి వాళ్ళమ్మ ఇంకా గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతోంది. పాప నేరుగా నా కుర్చీ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, మీ గాజులు ఎంత బాగున్నాయో! ఎక్కడ కొన్నారు? మీకు పిల్లలున్నారా? వాళ్ళు అన్నం తిన్నారా?" అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. గొంతు కాస్త బొంగురు. వెడల్పు నోరు, నిండు బుగ్గలు, చిన్న చిన్న పళ్ళు ఎడంఎడంగా. వెనకే వచ్చిన నాయనమ్మ మురిసిపోతూ, "మా పిల్లకి కొత్తా పాతా లేదమ్మా. ఎవరితోనైనా ఇట్టే కలిసిపోద్ది" అంది.

పిల్లల డాక్టరుగారు పంపిన చీటీ మీద ఒకే లైను ఉంది: చదువులో వెనకబాటు, తెలివితేటల పరీక్ష చేయగలరు.

అది 2021 నవంబరు. కరోనా తర్వాత బడులు తెరిచి మూడు నెలలైంది. పాపకి 9 ఏళ్ళ 2 నెలలు. నేను గుంటూరు బ్రాడీపేటలో పిల్లల సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. దాదాపు నాలుగేళ్ళు చూసిన ఈ కేసు రాయడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను. చిట్టి అన్నది ఇంట్లో పిలిచే పేరు కూడా కాదు.

కవర్లలో ఉన్న చరిత్ర

తండ్రి మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు గుమాస్తా. తల్లి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పాత గుంటూరులో అద్దె ఇల్లు. పెళ్ళి మేనరికం. నాయనమ్మ తన అన్న కూతుర్నే కోడలిగా తెచ్చుకుంది. చిట్టి తర్వాత ఇంకో బిడ్డ వద్దనుకున్నారు. ఎందుకని అడిగితే తల్లి తల దించుకుంది, జవాబు నాయనమ్మ చెప్పింది: "రక్తసంబంధం కదమ్మా. మళ్ళీ ఇట్టాగే పుడితే?"

పాప నెలలు నిండాకే పుట్టింది, బరువు 2.1 కిలోలు. మొదటి ఏడాదంతా పాలు కక్కడం, మలబద్ధకం, రాత్రిళ్ళు ఆగని ఏడుపు. ఏడో నెలలో గజ్జల్లో హెర్నియాకి ఆపరేషన్. ఏడాదిన్నరకి జలుబని తీసుకెళ్తే గుండెలో మర్మర్, అంటే అదనపు చప్పుడు, వినిపించింది. ఎకో తీస్తే, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం కవాటానికి కాస్త పైన సన్నబడిందని తేలింది. "ఇప్పటికి పర్లేదు, చూస్తూ ఉందాం" అన్నారు. నడక రెండేళ్ళకి, మాట రెండున్నరకి వచ్చాయి. నాలుగు దాటాక ఇక మాటల వరదే. ఎత్తు ఎప్పుడూ తోటిపిల్లల కంటే తక్కువ. నాలుగో ఏట ఎవరో క్రోమోజోముల పరీక్ష రాశారు. క్యారియోటైప్ రిపోర్టు నార్మల్ అని వచ్చింది. ఆ కాగితాన్ని ల్యామినేషన్ చేయించి దాచుకున్నారు.

గుండె కాగితాలు ఒక కవరు, హెర్నియావి ఒకటి, ఎత్తు పెరగడానికి తిరిగినవి ఒకటి, బడి నుంచి వచ్చినవి ఒకటి. ఎవరి కవరు వాళ్ళు చూశారు. నేను కూడా చీటీలో అడిగిన పని చేసి, ఒక అంకె వేసి పంపేసేదాన్నే. శిక్షణ రోజుల్లో ఇలాంటి ముఖం, ఇలాంటి గొంతు ఉన్న ఒక అబ్బాయిని చూసి ఉండబట్టి, నాలుగు కవర్లూ బల్ల మీద పక్కపక్కనే పరిచాను.

పరీక్ష గదిలో

మాటలతో మొదలుపెట్టాను. ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవంటే ఆవు, గేదెతో మొదలై ముంగిస, ఉడుము, పునుగుపిల్లి దాకా వెళ్ళింది. పునుగుపిల్లి ఎలా ఉంటుందో తెలియదు, పేరు తెలుసు. బొమ్మ చూపించి కథ చెప్పమన్నాను. "అప్పుడేమైందో తెలుసా ఆంటీ! అయ్యో పాపం కుక్కపిల్ల! మీరైతే ఏం చేస్తారు చెప్పండి?" కుక్కపిల్ల ఎందుకు తప్పిపోయిందో, ఎలా దొరికిందో ఆ కథలో లేదు. వినేవాళ్ళని కూర్చోబెట్టే మాటలు మాత్రం అన్నీ ఉన్నాయి. మా రిసెప్షన్ అమ్మాయి పని మానేసి తలుపు దగ్గర నిలబడి వింది.

నేను వరసగా చెప్పిన అంకెల్ని తిరిగి చెప్పమంటే ఐదు అంకెల వరకు తడుముకోకుండా చెప్పింది. తర్వాత అదే పని కళ్ళతో చేయించాను. బల్ల మీద చెక్కముక్కల్ని ఒక వరసలో వేలితో తట్టి, అలాగే తట్టమన్నాను. రెండు దాటలేదు.

సెగ్విన్ ఫారమ్ బోర్డు మా దగ్గర అందరికీ తెలిసిన పాత పరీక్ష. పలకలో పది గుంటలు, పది చెక్క ఆకారాలు, దేని గుంటలో దాన్ని అమర్చాలి. చిట్టి నక్షత్రాన్ని చేతిలోకి తీసుకుని "నక్షత్రం!" అని పేరు సరిగ్గా చెప్పి, పక్క గుంటలో పెట్టి తిప్పుతూ కూర్చుంది. రంగు చెక్కల్ని నాలుగింటినీ చతురస్రంగా పేర్చి చూపించి, నువ్వూ చెయ్యమ్మా అంటే, ఒకదాని వెనక ఒకటి వరసగా పెట్టి రైలు కూత వేసింది. నేను నవ్వాను. నవ్వినందుకు ఆ పేజీలో మార్కు వేయడం మర్చిపోయాను. ఈ పిల్లలతో పరీక్ష చేసేటప్పుడు జరిగేది ఇదే. రాని చోటుకల్లా ఒక ముచ్చట అడ్డం వస్తుంది, మనం ముచ్చటలో పడిపోతాం.

ఇల్లు గీయమన్నాను. తలుపు, కిటికీ, పైకప్పు, తులసికోట, నాయనమ్మ మంచం, అన్నీ గీసింది. కప్పు కాగితం అడుగున ఉంది, తలుపు ఒక మూల, కిటికీ ఇంకో మూల. ఒక్కోదాని మీద వేలు పెట్టి ఏది ఏమిటో తప్పు లేకుండా చెప్పింది. చెవితో వింటే ఇల్లుంది, కంటితో చూస్తే ముక్కలున్నాయి.

ఈ తేడా మాటల్లోకి కూడా వస్తుంది, అక్కడే చాలామంది గమనించరు. వస్తువుల పేర్లు ఎన్నైనా తెలిసిన పిల్ల "పెన్సిల్ పుస్తకానికీ డబ్బాకీ మధ్య పెట్టు" అంటే "మధ్య, మధ్య" అనుకుంటూ డబ్బా మీద పెట్టింది. "నిన్న అత్త వస్తుంది" అంటుంది. మొన్న, ఎల్లుండి రెండూ ఆమెకి ఒకటే, ఈరోజు కానివి. ఇరవై రూపాయల నోటు పెద్దదా, పది పెద్దదా అంటే కాగితం సైజు చూసింది.

బినే-కామత్ పరీక్షలో ఐక్యూ 56 వచ్చింది. వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేలు మీద సామాజిక వయసు ఐదున్నర ఏళ్ళు. రెండో అంకె విని తండ్రి ఒప్పుకోలేదు. "మేడమ్, మా వీధిలో దీనికి తెలియని మనిషి లేడు" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. కానీ ఆ స్కేలు అడిగేది బొత్తాలు పెట్టుకుంటుందా, ఒంటరిగా కొట్టుకెళ్ళి సరుకు తెస్తుందా, రోడ్డు దాటుతుందా అని. ఎంతమందిని పలకరిస్తుందని అందులో ప్రశ్న లేదు.

ఏడో క్రోమోజోము

నా అనుమానం రాసి పిల్లల గుండె డాక్టరుకీ, పిల్లల డాక్టరుకీ పంపాను. రక్తం నమూనా హైదరాబాద్ ల్యాబుకి వెళ్ళింది. ఫిష్ అనే పరీక్షలో సంగతి తేలింది. ఏడో క్రోమోజోము పొడుగు చేతి మీద 7క్యూ11.23 అనే చోట ఒక చిన్న ముక్క లేదు. విలియమ్స్ సిండ్రోమ్.

న్యూజిలాండ్‌లో జె.సి.పి. విలియమ్స్ అనే గుండె డాక్టరు 1961లో నలుగురు రోగుల్లో ఈ గుండె జబ్బు, ముఖ కవళికలు, మానసిక వెనకబాటు కలిసి ఉన్నాయని రాశాడు. మరుసటి ఏడాది జర్మనీలో బ్యూరెన్ కూడా ఇదే రాశాడు. సుమారు 7,500 నుంచి 10,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఊడిపోయే ముక్క పదిహేను, పద్దెనిమిది లక్షల డీఎన్ఏ అక్షరాల పొడవు, అందులో 26 నుంచి 28 జన్యువులు. వాటిలో ఒకటి ఎలాస్టిన్ జన్యువు. రక్తనాళాలు రబ్బరులా సాగి ముడుచుకోవడానికి కావలసిన ప్రోటీన్ దాని నుంచే వస్తుంది. గుండె దగ్గర నాళం సన్నబడటం, హెర్నియా, అంటే నాలుగు కవర్లలో రెండు, వాటికి తోడు బొంగురు గొంతు, దీని దగ్గరే కలుస్తాయి. మామూలు క్యారియోటైప్‌లో ఇంత చిన్న లోటు కనబడదు. నాలుగో ఏట వచ్చిన నార్మల్ రిపోర్టు అబద్ధం కాదు, అది చూడగలిగినంత చూసింది. కానీ ఆ నార్మల్‌ను నమ్ముకుని ఐదేళ్ళు గడిచిపోయాయి.

ఫలితం చెప్పిన రోజు నేను ఎక్కువసేపు మాట్లాడింది నాయనమ్మతో. మేనరికం వల్ల కొన్ని జబ్బులు పెరిగే మాట వాస్తవమే. తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండు కలిస్తే వచ్చే జబ్బులవి. ఇది ఆ రకం కాదు. ఈ ముక్కకి అటూ ఇటూ దాదాపు ఒకేలా ఉండే డీఎన్ఏ వరసలున్నాయి. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు ఆ వరసలు ఒకదాన్ని చూసి ఇంకొకటనుకుని తప్పుగా జతపడితే మధ్య ముక్క జారిపోతుంది. ఏ సంబంధం చేసుకున్నా జరగొచ్చు. తల్లిదండ్రులిద్దరిలో ఆ ముక్క ఉన్నప్పుడు మళ్ళీ పుట్టే బిడ్డకి రావడం చాలా అరుదు.

ఆవిడ విని, "అయితే నేను పట్టుబట్టి చేసుకున్నందుకు కాదంటావా?" అంది. కాదన్నాను. కాసేపాగి మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ కాదన్నాను. కోడలు అటు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మామూలుగా తల్లులే నేరం తమ మీద వేసుకుంటారని నేను తల్లినే చూస్తూ వచ్చాను. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఆ బరువు ఎవరు మోస్తున్నారో ఆ పూట గానీ నాకు తెలియలేదు.

ఇంకో చిన్న విషయం, చిన్నదే గానీ ముఖ్యం. పాప పొట్టిగా ఉందని రోజూ క్యాల్షియం టానిక్కు పోస్తున్నారు, విటమిన్ డి పొడి కూడా. విలియమ్స్ ఉన్న పిల్లల్లో రక్తంలో క్యాల్షియం ఎక్కువయ్యే గుణం ఉంటుంది. చిన్నప్పటి కక్కులు, మలబద్ధకం, ఏడుపు బహుశా దానివల్లే. మందుల సంగతి నా పని కాదు. అందుకని అదే రోజు పిల్లల డాక్టరుకి ఫోన్ చేశాను. టానిక్కు ఆపించి రక్తపరీక్ష చేయించారు, అదృష్టవశాత్తూ హద్దులోనే ఉంది. అప్పటి నుంచి గుండె, బీపీ, క్యాల్షియం క్రమం తప్పకుండా చూస్తున్నారు. పన్ను తీయించడానికి మత్తు ఇవ్వాలన్నా ముందు గుండె డాక్టరు ఒప్పుకోవాలని ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాసిచ్చారు.

ఆటో బాబాయి

2022 ఫిబ్రవరిలో ఒకరోజు తల్లి మందుల షాపులో చిల్లర తీసుకునేలోపు చిట్టి కనబడకుండా పోయింది. బయట ఆగి ఉన్న ఆటో ఎక్కి కూర్చుని, "బాబాయ్, మీ ఆటోలో పాటలు బాగున్నాయి, పోదామా" అందట. అతను తల్లి ఎక్కడుందని అడిగితే వస్తుందంది. నాన్న ఎన్నింటికి యార్డు నుంచి వస్తాడో, మధ్యాహ్నం అమ్మ పడుకుంటే తలుపు గొళ్ళెం పెట్టదని, బీరువా తాళం ఎక్కడుంటుందో, అన్నీ చెప్పేసింది. ఇల్లెక్కడంటే చెప్పలేకపోయింది. బ్రాడీపేట ఆంటీ దగ్గరికి తీసుకెళ్ళమంది.

బ్రాడీపేట తెలియనివాళ్ళకి ఒక మాట. ఇక్కడ వీధులు గళ్ళకాగితంలా ఉంటాయి, ఇటు లైన్లు, అటు అడ్డరోడ్లు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా రెండు అంకెలతో ఇల్లు పట్టుకుంటారు. ఇరవై సార్లు వచ్చినా చిట్టికి ఈ గళ్ళు మనసులో నిలవలేదు. ఆ ఆటో అతను మంచివాడు కాబట్టి గంటసేపు లైను లైనూ తిప్పి, పాప నా బోర్డు గుర్తుపట్టాక దింపాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

ఇంట్లో దీన్ని ముచ్చటగా చెప్పుకున్నారు. "ఆటో అబ్బాయి ఎంత మురిసిపోయాడో!" అని. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

విలియమ్స్ ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళ దగ్గరికి జంకు లేకుండా పోతారన్నది అన్ని దేశాల్లోనూ చూసిందే. 2005లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ పరిశోధకులు వీళ్ళ మెదడు స్కాన్లు తీశారు. కోపంగా, భయంగా ఉన్న ముఖాల ఫొటోలు చూపించినప్పుడు మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం మామూలు వాళ్ళలో కంటే తక్కువగా స్పందించింది. మనుషులు లేని భయానక దృశ్యాలు చూపిస్తే ఎక్కువగా స్పందించింది. చిట్టి ఇంట్లో సరిగ్గా ఇదే. ముక్కూ మొహం తెలియని మనిషి పక్కన కూర్చుంటుంది, కుక్కర్ విజిల్‌కి మంచం కిందికి దూరుతుంది.

వీటికి తోడు మన దగ్గర ఇంకో చిక్కుంది, అది పుస్తకాల్లో నాకు కనబడలేదు. మనం పిల్లలకి నేర్పే మొదటి మర్యాదే అందరినీ వరస పెట్టి పిలవడం. పాలు పోసేవాడు బాబాయి, కండక్టరు అన్న, పక్కింటావిడ పిన్ని, బస్టాండులో పెద్దాయన తాతగారు. మామూలు పిల్లలు ఈ వరసల్లో రెండు రకాలున్నాయని ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తారు. నాన్న తమ్ముడైన బాబాయి వేరు, ఆటో బాబాయి వేరు. చిట్టికి బాబాయి అంటే బాబాయే. పిలుపు ఒకటైనప్పుడు మనిషి ఎందుకు వేరవుతాడు?

నేను చేసిన పొరపాటు

అపరిచితుల విషయం నేర్పడానికి వలయాల పద్ధతి ఒకటుంది. నడుమ నువ్వు, చుట్టూ ఇంటివాళ్ళు, దాని చుట్టూ స్నేహితులు, బయట వలయంలో తెలియనివాళ్ళు. ఇతర పిల్లలతో నాకు బాగా పనిచేసింది. రంగుల చార్టు తెప్పించి గోడకి అంటించాను. ఆరు వారాలు వృథా. చిట్టి ప్రతివాళ్ళ బొమ్మనీ నడుమ వలయంలో అంటించింది, ఆటో బాబాయితో సహా. ఆమె మనుషుల్ని పోల్చుకోలేకపోతోందని నోట్సులో రాసుకున్నాను కూడా. అది తప్పు. ముఖాలు ఆమెకి బాగానే గుర్తుంటాయి. రానిది లోపల, బయట, దగ్గర, దూరం. చెక్కముక్కలు పేర్చలేని పిల్లకి మనుషుల మధ్య దూరాన్ని గుండ్రని గీతలతో చూపించాను. నా పరీక్ష నాకు చెప్పిందేమిటో నేనే వినలేదన్నమాట.

దారి చూపించింది నాయనమ్మ. ఒకరోజు విసుక్కుంటూ, "ఏందే, మనింట్లో అన్నం తిన్న బాబాయికీ, దారిన పోయే బాబాయికీ తేడా లేదంటే!" అంది. చిట్టి వెంటనే అందుకుంది: "మూర్తి బాబాయి అన్నం తిన్నాడు. ఆటో బాబాయి తినలేదు." నేను పెన్ను కింద పెట్టేశాను.

అప్పటి నుంచి మా లెక్క ఇదే. అన్నం వరస, దండం వరస. ఇంట్లో కూర్చుని అన్నం తిన్నవాళ్ళు అన్నం వరస. మిగిలిన వాళ్ళంతా దండం వరస, ఏమని పిలిచినా సరే. దండం వరస వాళ్ళకి రెండు చేతులూ జోడించాలి. చేతులు జోడించి ఉంటే ఎదుటివాళ్ళ గాజులు పట్టుకోవడం కుదరదు, అదొక లాభం. తర్వాత అమ్మని చూడాలి, అమ్మ ఊఁ అంటేనే మాట. ఇంటి సంగతులు దండం వరసకి చెప్పకూడదు, వాళ్ళ బండి ఎక్కకూడదు. చార్టు తీసేసి చప్పట్ల తాళానికి ఒక పాట కట్టాం: "దండం పెట్టు, అమ్మని చూడు, ఊఁ అంటేనే మాట్లాడు." ఆమె జ్ఞాపకం చెవిలో ఉంది, పాఠం కూడా అటు నుంచే పోయింది.

ఈ లెక్కలో ఒక పెద్ద కన్నం ఉంది. పిల్లల మీద అఘాయిత్యాలు ఎక్కువగా తెలిసినవాళ్ళ వల్లే జరుగుతాయి, అంటే అన్నం తిన్నవాళ్ళ వల్లే. అందుకని ఒంటిని ఎవరు ముట్టుకోవచ్చన్నది వేరే పాఠంగా, ఏ వరసకీ మినహాయింపు లేకుండా నేర్పాం. స్నానం చేయించే అమ్మ, అమ్మ ఎదురుగా ఉన్నప్పుడు డాక్టరు, అంతే. నాయనమ్మకి ఈ పాఠం నచ్చలేదు. "ఇంటివాళ్ళని అనుమానించడమేందమ్మా" అంది. రెండు సిట్టింగులు పట్టింది ఆవిడని ఒప్పించడానికి.

మొదట మా వెయిటింగ్ హాల్లో రిసెప్షన్ అమ్మాయితో, ఎదురు మందుల షాపు కుర్రాడితో, తర్వాత రైతుబజారులో అలవాటు చేశాం. తల్లి రోజూ లెక్క రాసింది. మొదటి నెల పది మంది కొత్తవాళ్ళు ఎదురైతే ఇద్దరి దగ్గర ఆగింది. ఆరు నెలలకి ఏడుగురి దగ్గర. మధ్యలో ఒక పక్షం రోజులు క్లాసు పిల్లలకి, కుక్కకి, పొద్దున్నే పళ్ళు తోముకుంటున్న నాన్నకి కూడా దండాలు పెట్టింది. తల్లి పక్కన లేకపోతే మాత్రం ఏడు కాస్తా మూడుకి పడిపోతుంది, ఇప్పటికీ.

దారికి కూడా పాటే. బస్సు దిగిన చోటు నుంచి నా దగ్గరికి: "మందుల షాపు, టీ కొట్టు, జామచెట్టు ఇల్లు, ఆంటీ." నాలుగు వారాల్లో తల్లి వెనక నడుస్తుంటే తానే ముందు నడిచి వచ్చింది. తిరుగుదారిలో జామచెట్టు దగ్గరే ఆగిపోయింది. అదే దారి వెనక్కి తిప్పితే ఆమెకి కొత్త దారి. దానికి ఇంకో పాట కట్టాల్సి వచ్చింది.

చప్పుళ్ళు

కుక్కర్, మిక్సీ, బెలూన్, వినాయక చవితి డీజే. మబ్బు పడితే చాలు "ఉరుము వస్తుందా?" అని పొద్దుట్నుంచి అడుగుతూనే ఉంటుంది. తల్లి దాన్ని మొండితనం అనుకుంది. నిజానికి చెవులు అతిగా సున్నితం కావడం, దానికి తోడు జరగబోయేదాని గురించి టెన్షన్. చప్పుడు ఆపలేం కాబట్టి, స్విచ్చు ఆమె చేతికిచ్చాం. మిక్సీ ఎప్పుడు వేయాలో చిట్టే చెబుతుంది, మూడు అంకెలు లెక్కపెట్టి తానే నొక్కుతుంది. రెండు నెలల్లో పచ్చడి రుబ్బే పని ఆమెదైపోయింది. ఉరుము స్విచ్చు మన చేతిలో ఉండదు కాబట్టి ఆ భయం అలాగే ఉంది.

విలియమ్స్ పిల్లలంతా పుట్టు సంగీతకారులని ఇంటర్నెట్‌లో చదివి తండ్రి ఉత్సాహపడ్డాడు. సంగీతమంటే ఈ పిల్లలకి ప్రాణం, అది చాలామందిలో ఉంది. విద్వత్తు మాత్రం అందరిలాగే మనిషిని బట్టి ఉంటుంది. చిట్టికి శ్రుతి ఫర్వాలేదు, తాళం జారిపోతుంది.

బడి, సర్టిఫికెట్

ఆమె చదువుతున్న ప్రైవేటు బడిలో గోల ఒకటే: "ఇంగ్లీషు రైమ్స్ గడగడా చెబుతుంది, కూడికలు రావంటే బద్ధకం కాదా?" అరచేతుల మీద స్కేలు గుర్తులు నేను చూశాను. అవతల టీచర్ని పూర్తిగా తప్పుపట్టలేను కూడా. ఇంత మాట్లాడే పిల్లకి ఇంత తక్కువ అర్థమవుతోందని నమ్మడం కష్టం. పదాలు చూసి చదువుతోందని వాళ్ళు అనుకున్నది కూడా కంఠస్థమే. పుస్తకం తలకిందులుగా పెట్టినా పాఠం చెప్పింది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, పక్కన దీర్ఘం. ఏది ఎక్కడుందన్న చూపే ఆమెకి కష్టం. శబ్దం నుంచి మొదలుపెట్టి, ఒత్తుని వేరే రంగులో రాసి నేర్పించాం. పన్నెండో ఏటికి మూడో తరగతి వాచకం చదువుతోంది, మెల్లగా.

తర్వాత ఆమెని మున్సిపల్ స్కూల్లో చేర్చారు. వారానికి రెండు రోజులు ఐఈఆర్‌టీ టీచర్, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చెప్పే టీచర్, వస్తుంది. ఆవిడ లెక్కలు పక్కనపెట్టి నిజం నోట్లతో డబ్బు నేర్పుతోంది.

సదరం సర్టిఫికెట్‌కి, అంటే వైకల్య ధ్రువపత్రానికి, వెళ్ళినప్పుడు చిట్టి బల్ల అవతలున్నాయన్ని, "సార్, మీరు భోంచేశారా? మీ అమ్మగారు బాగున్నారా?" అంది. ఆయన నవ్వి, ఈ పిల్లకేం లోటమ్మా, మా అబ్బాయి కంటే చక్కగా మాట్లాడుతోందని కాగితాలు వెనక్కి తోశాడు. రెండోసారి నేను రిపోర్టుతో పాటు ఆ ఇల్లు బొమ్మని కూడా జతచేసి పంపాను. 50 శాతం వైకల్యమని ఇచ్చారు. అంకెల కంటే ఆ బొమ్మే పనిచేసిందని నా అనుమానం.

స్నేహం సంగతి

తల్లి ఒకసారి అన్న మాట: "బడిలో దీని పేరు తెలియని పిల్ల లేదు మేడమ్. సెలవుల్లో మాత్రం ఒక్క పిల్లా ఇంటికి రాదు." పలకరించడం చిట్టికి వచ్చు, ఆ తర్వాత ఏం చేయాలో రాదు. ఎదుటి పిల్ల ముఖం మాడిపోతున్నా మాట ఆపదు, ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగదు. పెద్దవాళ్ళు ఓర్చుకుంటారు, పిల్లలు ఓర్చుకోరు. కొందరైతే ఆమె చేత టీచర్లకి పిచ్చి మాటలు చెప్పించి నవ్వుకున్నారు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వింది, స్నేహమనుకుని.

పది మంది వద్దు, ఒక్కరు చాలని నిర్ణయించుకున్నాం. పక్క వాటాలో ఆమె కంటే రెండేళ్ళు చిన్న పిల్ల ఉంది. మొదట అష్టాచెమ్మా పెట్టి చెడగొట్టుకున్నాం, మళ్ళీ గళ్ళే. అంత్యాక్షరి పెట్టాం. చిట్టికి పాటలు వచ్చు, వంతు తప్పదు, ఎదుటివాళ్ళ చివరి అక్షరం వినకపోతే ఆట సాగదు. వారానికి మూడు సాయంత్రాలు, అరగంట చొప్పున. మూడేళ్ళుగా నడుస్తోంది. గొడవపడి నాలుగు రోజులు మాట్లాడుకోని సందర్భం కూడా ఒకటి వచ్చింది. చిట్టి ఒకరి మీద అలగడం అదే మొదటిసారని తల్లి కంగారుపడి ఫోన్ చేసింది. నేను లోలోపల సంతోషించాను.

2025 జూలైలో చివరిసారి పరీక్షించాను. ఐక్యూ 57, అంటే మారలేదు, మారుతుందని నేను అనుకోలేదు కూడా. సామాజిక వయసు ఏడున్నర. జడ తానే వేసుకుంటుంది, పాయలు సమంగా రావు. పాల ప్యాకెట్ తెస్తుంది, చిల్లర లెక్క చూసుకోదు. రజస్వల అయింది. రేపు తనకి బిడ్డ పుడితే ఇదే రావడానికి సగానికి సగం అవకాశముందన్న విషయం తల్లిదండ్రులకి మాత్రం చెప్పి ఉంచాను.

ఆ రోజు వెళ్ళబోతూ చిట్టి వాళ్ళ నాన్న పాత ఫోన్ చూపించింది. పుట్టినరోజుకి ఇచ్చారట. అందులో ముప్పై మందికి పైగా "ఫ్రెండ్స్" ఉన్నారు. సగం మందిని ఇంట్లో ఎవరూ ఎరగరు. ఒకతను రోజూ గుడ్ మార్నింగ్ అని పువ్వుల బొమ్మ పెడుతున్నాడు. "ఈ బాబాయి ఏ వరస?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. "మనింట్లో తినలేదు ఆంటీ. కానీ నేను తిన్నానా అని రోజూ అడుగుతాడు."

ఫోన్‌కి అమ్మ పక్కన ఉండదు, దండం పెడితే అవతలికి కనబడదు. ఆ నంబరు అప్పుడే బ్లాక్ చేయించాను. మిగిలిన వాళ్ళందరినీ వచ్చే సిట్టింగులో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూడాలి. నాయనమ్మని కూడా తప్పకుండా తీసుకురమ్మన్నాను.